దిగుడు వచ్చిందంటే చెరువే: హన్మకొండ నుంచి రామప్ప దాకా సైకిల్ మీద నాలుగు రోజులు

మొదటి రోజు, గురువారం: ఊళ్లోనే

పెత్రమాస, అంటే పితృ అమావాస్య, ఆదివారం పడింది. ఆ సాయంత్రమే బతుకమ్మ పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ. "అప్పటికల్లా నా బిడ్డ ఇంట్ల ఉండాలె తమ్మీ, బతుకమ్మ పేర్చంగ పక్కన లేకపోతె ఊకోను" అని అక్క ఒక్కటే షరతు పెట్టింది. అంటే మాకున్నవి నాలుగు రోజులు, అందులో చివరిది సాయంత్రం దాకానే.

మేం ముగ్గురం. నేను, సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్న మా మేనకోడలు, హైస్కూల్లో నాకు సోషల్ చెప్పిన సారు. మా ఇద్దరివీ గేర్ల సైకిళ్లు. సారుది అట్లాస్. గేర్లు లేవు, రాడ్ బ్రేకులు, వెనక ఇనుప క్యారియర్. ఉద్యోగంలో చేరిన ఏడాది కొన్నారు. టైర్లు, చైన్లు, పెడళ్లు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు, ఫ్రేము మాత్రం అదే. సారుకు ఇప్పుడు 64 ఏళ్లు. ఆ వయసులో, ఆ సైకిల్ మీద రామప్ప దాకా అంటే నాకు లోపల టెన్షన్‌గానే ఉండింది. అందుకే మొదటి రోజు ఊళ్లోనే తిరుగుదామన్నాను. "నాకే పరీక్ష పెడుతున్నవా?" అని నవ్వి ఒప్పుకున్నారు.

హన్మకొండ చౌరస్తా నుంచి 5:30కి కదిలాం. కలిసి తొక్కేటప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. మెల్లగా పోయేవాళ్లు ముందు, కాలు సత్తువున్నవాళ్లు వెనక. ముందున్నవాళ్ల వేగమే అందరి వేగం. సారును ముందు పెట్టాం. వడ్డేపల్లి చెరువు దాకా పోయి, వెనక్కి తిరిగి భద్రకాళి చెరువు వైపు వచ్చేసరికి ఆయన్ని అందుకోవడానికి నేనే గేరు మార్చాల్సి వచ్చింది. నా టెన్షన్ అక్కడితో పోయింది.

భద్రకాళి చెరువు పక్కన సైకిళ్లు ఆపి నీళ్లు తాగుతుంటే సారు ఒక మాట చెప్పారు. మిగతా మూడు రోజులూ మేం ఆ మాటను రోడ్డు మీద పట్టి చూస్తూనే ఉన్నాం. "నీ కాళ్లను అడుగు. దిగుడు ఎక్కడ మొదలైతదో అక్కడి నుంచి వాన నీళ్లు గూడ దిగుతయి. అవి తప్పించుకొని పోయే సందు దగ్గర కాకతీయులు కట్ట పోసిన్రు. సైకిల్ తొక్కెటోనికి చెరువు కనపడక ముందే తెలుస్తది."

ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాను. హన్మకొండలో ఏ గల్లీ ఎక్కడ తేలుతుందో నాకు తెలుసు. కానీ ఏ రోడ్డు ఎక్కుడో, ఏది దిగుడో అడిగితే చెప్పలేకపోయేవాణ్ని. బండి మీద తిరిగేవాళ్లకు ఆ తేడా ఎక్స్‌లేటర్‌లోనే కలిసిపోతుంది. సైకిల్ మీద అట్లా కాదు. చౌరస్తా నుంచి ఏ వైపు పోయినా కాసేపటికి తొడల్లో బరువు తగ్గుతుంది, ముఖానికి చల్లగాలి తగులుతుంది, తల ఎత్తితే ఎదురుగా నీళ్లు.

వరంగల్ స్టేషన్ దాటి, రైలు పట్టాల కింద నుంచి శివనగర్ మీదుగా ఖిలా వరంగల్ వైపు తిరిగాం. ముందు మట్టికోట వస్తుంది. కారులో వచ్చినప్పుడల్లా అది నాకు గడ్డి మొలిచిన పెద్ద దిబ్బలాగే కనిపించింది. ఈసారి దాని పక్కనే మెల్లగా తొక్కుకుంటూ పోతే గానీ అదెంత పొడవు సాగుతుందో తెలియలేదు. ఇంత మన్ను ఎవరో బుట్టల్లో ఎత్తి పోశారు. దాని లోపల కందకం, కందకం లోపల రాతికోట. గణపతిదేవుడు మొదలుపెట్టిన ఈ గోడను కూతురు రుద్రమదేవి ఇంకా ఎత్తు చేసింది. చుట్టూ 45 బురుజులు.

రాతికోట వాకిలి దగ్గర రోడ్డు సూటిగా లోపలికి పోదు. గోడల మధ్య ఒకసారి అడ్డంగా మళ్లి, మళ్లీ ఇంకోసారి తిరిగి అప్పుడు ఊళ్లోకి పోతుంది. మా కోడలు ఊపులో వచ్చి మలుపులో గట్టిగా బ్రేకు పట్టి కాలు కింద పెట్టేసింది. "సరిగ్గ అందుకే గట్ల కట్టిన్రు బిడ్డా" అన్నారు సారు. "ఉరికొచ్చే గుర్రమైనా ఏనుగైనా ఇక్కడ ఆగాలె. ఆగినప్పుడు పైన గోడ మీద ఉన్నోళ్లకు చేతికి దొరికినట్టె." ఆ అమ్మాయి సైకిల్ వెనక్కి నడిపించుకుపోయి మళ్లీ తొక్కుకుంటూ వచ్చింది. రెండోసారి వేగం తగ్గించి, తల ఎత్తి గోడను చూస్తూ వచ్చింది. కోట వాకిలి గురించి నేను పుస్తకంలో చదివినదానికంటే ఆ బ్రేకే ఎక్కువ చెప్పింది.

లోపల నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. రాష్ట్ర చిహ్నంలో ఉన్న కాకతీయ తోరణం ఇదే. మధ్యలో ఉండిన స్వయంభూ శివాలయం విరిగిన స్తంభాలుగా, దూలాలుగా నేల మీద పరుచుకుని ఉంది. పొద్దు ఇంకా తోరణం పైకి రాలేదు. రాతి మీది పూలదండల చెక్కడంలో మంచు నీళ్లు నిలిచి, ఒక్కో పువ్వు కొస నుంచి ఒక్కో చుక్క కారుతోంది. కోట లోపల ఇప్పటికీ ఇండ్లున్నాయి, పొలాలున్నాయి. బురుజు నీడలో మక్క చేను చూస్తే ఏం తోస్తుందో చెప్పడం కష్టం. ఒక చిన్న పిల్లవాడు సారు సైకిల్ బెల్లు రెండుసార్లు కొట్టుకుని పోయాడు. మొత్తం 30 కిలోమీటర్ల పైచిలుకు. ఇంటికి వచ్చేసరికి తొమ్మిదిన్నర.

రెండో రోజు, శుక్రవారం: ములుగు రోడ్డు

చీకట్లోనే బయల్దేరాలి, వేరే దారి లేదు. 163వ నంబర్ జాతీయ రహదారి హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు, ఏటూరునాగారం మీదుగా భూపాలపట్నం పోతుంది. గోదావరి ఇసుక లారీలన్నీ దీని మీదే. 4:45కి వెనక ఎర్రలైట్లు వెలిగించుకుని, మెరిసే పట్టీల జాకెట్లు వేసుకుని ఒకరి వెనక ఒకరం పడ్డాం. లారీ వస్తున్నప్పుడు భయం అనిపించదు, దాటిపోయాక అనిపిస్తుంది. పక్కనుంచి పోయేటప్పుడు దాని గాలి మనల్ని బయటికి నెడుతుంది. దాటిన మరుక్షణం లోపలికి గుంజుతుంది. ఆ గుంజుడుకే కొత్తవాళ్లు హ్యాండిల్ తిప్పేస్తారు. చేతులు బిగబట్టకుండా మోచేతులు కొంచెం వంచి వదులుగా పట్టుకుంటే సైకిల్ దానంతటదే సర్దుకుంటుంది. ఈ ఒక్కటి మా కోడలికి ఇంటి దగ్గరే పదిసార్లు చెప్పాను.

పైడిపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రం దాటేసరికి తూర్పున తెల్లబడింది. వరి పొలాలు బయటపడ్డాయి. పంట పాలు పోసుకునే దశలో ఉంది, ఆ వాసన తడి గాలిలో తియ్యగా వస్తుంది. గూడెప్పాడ్‌లో చాయ్ తాగాం. ఎడమకు పరకాల రోడ్డు, నాలుగో రోజు మేం తిరిగొచ్చేది దాని మీదే.

కటాక్షపూర్ దగ్గర రోడ్డు ఆగిపోయింది. అంటే రోడ్డు మీద చెరువు పారుతోంది. వానకాలంలో ఈ చెరువు నిండి మత్తడి పోసిందంటే నీళ్లు హైవే మీంచే దిగిపోతాయి. రెండు వైపులా లారీలు, ఆటోలు వరసకట్టి ఉన్నాయి. పెద్ద బండ్లు మెల్లగా పోతున్నాయి, కార్లవాళ్లు దిగి చూస్తున్నారు. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. మోకాలి దాకా వచ్చి ఉంటే వెనక్కి తిరిగేవాళ్లం. అది ముందే అనుకున్న మాట. ఆ ఊరి మనుషులు ఇద్దరు రోడ్డు అంచుల్లో నిలబడి దారి చూపిస్తున్నారు. "తొక్కకుండ్రి, దిగి నడువుండ్రి. పాకుడున్నది" అన్నారు. సారు ముందు చెప్పింది ఇంకోటి: "సైకిల్ నీళ్లు దిగిపోయే పక్కన పట్టుకోండి. ఎదురు పక్కన పట్టుకుంటె నీళ్లు దాన్ని తెచ్చి మన కాళ్ల మీద పడేస్తయి."

చెప్పులు విప్పి హ్యాండిల్‌కు తగిలించుకున్నాం. తారు రోడ్డు అరికాలికి చల్లగా, జారుడుగా తగిలింది. నీళ్లు చక్రం పుల్లల మధ్య నుంచి దూరి, ఒక్కో పుల్ల వెనక ఒక్కో గీత గీస్తూ పోతున్నాయి. రోడ్డుకు అడ్డంగా వేలెడంత పరక చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి. అవతలి పక్కన పిల్లలు దోమతెర పట్టుకుని నిలబడ్డారు, వాళ్ల బకెట్ సగం నిండింది. మధ్యలోకి వచ్చాక నేను ఎడమకు చూశాను. చెరువు నిండుగా, కదలకుండా ఉంది. ఇంత సేపూ మేం దిగుతూ వచ్చామన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సారు ఏమీ అనలేదు, నా వైపు చూసి తలాడించారు, అంతే.

మల్లంపల్లిలో నా వెనక టైరు కూర్చుంది. తుమ్మ ముల్లు. పంక్చర్ షాపు అతను ట్యూబు బయటికి లాగి, నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతూ బుడగలు వచ్చేచోట వేలు పెట్టి పట్టుకున్నాడు. గీకుడు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఆరేదాకా ఊదుతూ కూర్చుని అప్పుడు ప్యాచ్ వేశాడు. తొందరపడలేదు. చిక్కంతా గాలి దగ్గర వచ్చింది. నా ట్యూబుకు ఉండేది సన్నని ప్రెస్టా వాల్వ్, అతని కంప్రెషర్ మూతి బండ్లకు సరిపోయే లావుది. నా చేతిపంపు లోపలి రబ్బరు ఎండి గాలంతా బయటికే పోతోంది. మధ్యలో పెట్టే ఇత్తడి ముక్క ఇంట్లో మర్చిపోయాను.

మా కోడలు నా వాల్వ్ మీది ప్లాస్టిక్ మూత విప్పి, అతని దగ్గర బ్లేడు అడిగి మూత కొస కోసింది. దాన్ని తిరగేసి వాల్వ్‌కే బిగించి, లోపలి చిన్న నట్టు వదులు చేసి "ఇప్పుడు పెట్టండన్నా" అంది. అతను అనుమానంగానే మూతి ఆనించాడు. కొంత గాలి పక్కల నుంచి పోయింది గానీ టైరు గట్టిపడింది. "గిదెవరు నేర్పిన్రు బిడ్డా?" అని ఆ కోసిన మూతను చేతిలో పెట్టుకుని రెండు పక్కలా చూశాడు. దాన్ని అతనికే ఇచ్చేసి వచ్చాం. ఈ మాట సైకిళ్లవాళ్లందరికీ చెప్తున్నాను: హైవే మీద మనవైపు ఏ షాపులోనైనా ప్యాచ్ దొరుకుతుంది, ఆ ఇత్తడి ముక్క దొరకదు. జేబులో రెండు వేసుకోండి. సారు అట్లాస్‌కు ఆ బాధే లేదు, దాని వాల్ ట్యూబు ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

ములుగుకు ముందు గట్టమ్మ గుట్ట ఎక్కుడు. మేడారం పోయే ప్రతి బండీ ఇక్కడ ఆగి గట్టమ్మ తల్లికి మొక్కి గాని ముందుకు పోదు. సారు ఎక్కుడంతా సీటు మీద నుంచి లేచి నిలబడి, బరువంతా ఒక్కో పెడల్ మీద వేస్తూ తొక్కారు. మేం చిన్న గేరు వేసుకుని వెనకే వచ్చాం. పైన కొబ్బరికాయ కొట్టి, ఆ కొబ్బరి చిప్పలోనే బెల్లం ముక్క పెట్టుకుని తిన్నాం.

ములుగు దాటి జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే లారీల రొద ఒక్కసారి ఆగిపోతుంది. అంత సేపూ నా చెవులు ఎంత బిగుసుకుని ఉన్నాయో అప్పుడు తెలిసింది. ఇక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా తంగేడు. పసుపు తప్ప ఇంకో రంగు కనపడదు. పదేళ్ల పిల్లలు కొమ్మలు వంచి సంచుల్లో నింపుకుంటున్నారు.

వెంకటాపూర్ పక్క పల్లెలో అక్క అత్తగారి ఇల్లు. 66 కిలోమీటర్లు తొక్కి మధ్యాహ్నానికి చేరాం. అత్తమ్మ మమ్మల్ని కాదు, ముందు సారు సైకిల్‌ను చూసింది. "మా ఆయనకు గిసొంటిదే ఉండె" అంది. మక్క గారెలు పెట్టింది. రాత్రి వాన మొదలైతే ఆమె నిద్రపోలేదు, రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయి చూసింది. నేనూ లేచి పక్కన కూర్చుంటే చెప్పింది. 2023 జులైలో పక్కనే ఉన్న లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అంతకుముందు ఒక్కరోజులో అంత వాన ఎక్కడా లెక్కకెక్కలేదు. ఆమెకు ఆ లెక్క తెలియదు. "ఆకాశమే మత్తడి దుంకినట్టాయె కొడుకా. గప్పటిసంది వాన సప్పుడైతె కట్ట గుర్తుకొస్తది" అంది. చెరువు కట్ట మీద కూర్చుని ఫొటోలు దిగే మాలాంటివాళ్లకు చెరువంటే ఒకటి. ఆమెకు చెరువంటే, ఆ కట్ట నిలవాలి, అంతే.

మూడో రోజు, శనివారం: రామప్ప, లక్నవరం

వాన వెలిసింది. ఆరింటికి పాలంపేట గుడి ముందున్నాం. ఇంకా ఎవరూ రాలేదు, చెట్ల మీంచి నీళ్లు రాలుతున్నాయి.

రామప్ప గుడిని చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చూశానో. స్కూలు టూరులో ఈ సారే తీసుకొచ్చారు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, 1213 నాటి శాసనం ఉందనీ, శిల్పి పేరుతో పిలిచే గుడి ఇదనీ అప్పుడు నోటుబుక్కులో రాసుకున్నాం. 2021 జులైలో యునెస్కో జాబితాలో చేరిన రోజు సారు నాకు ఫోన్ చేసి మాట రాక కాసేపు ఊరికే ఉండిపోయారు. ఈసారి మాత్రం నాకు కొత్తగా చూపించింది మా కోడలు.

ఆమె శిల్పాల దగ్గరికి పోలేదు. మండపంలో నేల మీద కూర్చుంది. "మామా, ఇక్కడ అరచెయ్యి పెట్టు" అంది. పెట్టి చూస్తే నేల సమంగా లేదు. ఒక బండ కుంగింది, పక్కది కొంచెం లేచింది. దూలాల్లో పగుళ్లున్నాయి. "కింద నేల కదిలింది. అయినా గుడి నిలబడింది, చూడు" అని చెప్పుకుంటూ పోయింది. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద కట్టారు, భూమి కదిలితే ఆ ఇసుక సర్దుకుంటుంది. పైన శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో వేస్తే తేలుతాయి, అంత తేలిక. పైన బరువు తక్కువైతే స్తంభాల మీద భారం తక్కువ. "కింద మెత్తగా, పైన తేలిగ్గా. మాకు క్లాసులో చెప్పేదీ ఇదే, కానీ ఇట్లా చేత్తో ముట్టుకోలేదు" అంది. సారు ఆమె పక్కనే చతికిలబడి విద్యార్థిలాగా విన్నారు.

తర్వాత బయట చుట్టూ తిరిగాం. ఎర్ర ఇసుకరాతి గోడలు వానకు ముదురు రంగుకు తిరిగాయి. చూరు కింద వాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలు పన్నెండు. ఒకామె ఒంటికి పాము చుట్టుకుని ఉంటుంది. ఒకామె కాళ్లకు మడమ ఎత్తున్న చెప్పులు. ఈ గుడి నాట్యశిల్పాలను పరిశీలించి నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి తిరిగి ప్రాణం పోశారు. రాతిని ఎంత నునుపు పట్టారంటే తడి నల్లస్తంభంలో మా ముగ్గురి నీడలూ కదిలాయి. ఎదురుగా నంది చెవులు నిక్కబొడుచుకుని, ఎవరో పిలిస్తే లేవబోతున్నట్టు ఉంటుంది.

గుడి నుంచి చెరువు కట్టకు చిన్న దూరమే. సారు మాట నిజమైతే కట్ట ఎక్కేముందు దిగుడు రాదు, ఎక్కుడే రావాలి. మేం కట్ట కింది వైపు నుంచి పోతున్నాం మరి. అట్లాగే ఎక్కుడే వచ్చింది. కట్ట మీద నిలబడి చూస్తే ఒక వైపు గుట్టల మధ్య ఇరుక్కున్న నీళ్లు, ఇంకో వైపు చాలా కిందికి పొలాలు. నీళ్లు పైన, పచ్చదనం కింద, మధ్యలో 800 ఏళ్లుగా ఈ మట్టి గోడ. దేవుడికి గుడి కట్టినప్పుడు పక్కనే చెరువు తవ్వించడం కాకతీయుల పద్ధతి. గుడిని చూడటానికి ప్రపంచం వస్తుంది. కట్టను చూడటానికి ఎవరూ రారు, దాని మీంచి నడిచి పోతారు. నాకైతే రెండింట్లో గొప్పది ఏదో చెప్పమంటే ఇక ముందు తటపటాయించకుండా కట్ట అనే చెప్తాను.

పది గంటలకు లక్నవరం బయల్దేరాం. జంగాలపల్లి మీదుగా హైవే ఎక్కి, బుస్సాపూర్ దగ్గర కుడికి అడవిలోకి. పోను రాను 60 కిలోమీటర్ల దాకా అయింది. ఇదీ గుట్టల సందుకు కట్ట వేసి ఆపిన కాకతీయుల చెరువే. వేలాడే వంతెన మీద సెలవుల జనం, అడుగు పెట్టడానికి చోటు లేదు. దీవులు, పడవలు, పాటల చప్పుడు. మేం అరగంటలో వెనుదిరిగాం. లక్నవరంలో చూడాల్సింది అడవి దారే. టేకు చెట్లు గుత్తులు గుత్తులుగా పూశాయి, రోడ్డు మీద తెల్లటి పూత రాలి ఉంది, చక్రం కింద చప్పుడు కూడా రాలేదు.

సాయంత్రం మా కోడలు నానమ్మతో కలిసి రామప్ప కట్ట కింది చేన్లలో పూలు ఏరింది. గునుగు, తంగేడు, కట్ల పూలు. ముందు రోజు కోసి, రాత్రి నీళ్లలో ఉంచి, మర్నాడు పేర్చే పూలు కాబట్టే వీటిని ఎంగిలి పూలంటారని అత్తమ్మ చెప్పింది. ఇత్తడి గంగాళంలో నీళ్లు పోసి, కాడలు ముంచి, పైన తడి గుడ్డ కప్పింది.

నాలుగో రోజు, ఆదివారం: కోటగుళ్లు, పరకాల, ఇల్లు

పూలు ఎట్లా తీసుకుపోవాలి? మా గేర్ల సైకిళ్లకు క్యారియర్లు లేవు. అత్తమ్మ గునుగును మోదుగాకుల్లో చుట్టి, తడి గోనెసంచి కప్పి, కొబ్బరి తాడుతో సారు అట్లాస్ వెనక కట్టింది. తంగేడు వేరే మూట. "ఎండ తాకనియ్యకు సారూ, నీళ్లు చల్లుకుంట పో" అంది. సారు దారి పొడవునా ప్రతి అయిదారు కిలోమీటర్లకూ ఆగి తన తాగే నీళ్ల సీసా మూట మీద ఒంపారు.

గణపురం కోటగుళ్లు పది కిలోమీటర్ల లోపే. రామప్పకు వచ్చిన జనంలో పదో వంతు కూడా ఇక్కడికి రారు. గోడ లోపల ఒకే ఆవరణలో 22 గుళ్లు. కొన్నిటికి పైకప్పు లేదు, కొన్నిటి గోడల్లో చెట్లు మొలిచాయి. పెద్ద గుడి చూరు కింద ఏనుగు మీద నిలబడ్డ సింహం బొమ్మలు, వాటిలో ఒకటి సగం మనిషి. ఊళ్లోవాళ్లు వచ్చి లింగానికి నీళ్లు పోసి పోతున్నారు. ఇక్కడ ఇంకో గంట ఉండాలనిపించింది గానీ పూలు వెనక బరువుగా గుర్తుచేస్తున్నాయి. ఊరు దాటేటప్పుడు దిగుడు, ఎదురుగా గణపసముద్రం. ముగ్గురం ఒకేసారి బెల్లు కొట్టాం.

పరకాల రోడ్డు మీద ఎదురుగాలి. రేగొండ దాటేదాకా ఒకరి వెనక ఒకరం దగ్గరగా తొక్కుతూ, గాలికి ముందు నిలిచే మనిషిని మార్చుకుంటూ వచ్చాం. పత్తి కాయ పగలడానికి ఇంకా టైం ఉంది. చేన్లలో కలుపు తీసే ఆడవాళ్లు నడుములు నిటారు చేసి, "ఏడికి బిడ్డా పూలు?" అని అడుగుతున్నారు. హన్మకొండకని చెప్తే "గంత దూరమా!" అని చేతులు ఊపుతున్నారు.

పరకాలలో అమరధామం ముందు ఆగాం. 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎత్తడానికి వచ్చిన జనం మీద ఇక్కడ నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. సారు సైకిల్ స్టాండ్ వేసి, చెప్పులు విప్పి లోపలికి పోయారు. క్లాసులో ఈ పాఠం చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది, నాకు గుర్తుంది. ఆ రోజు ఏమీ చెప్పలేదు. తంగేడు మూటలోంచి ఒక్క కొమ్మ తీసి అక్కడ పెట్టి వచ్చారు.

గూడెప్పాడ్‌లో హైవే ఎక్కాక ఎండ, లారీలు, దాహం. ఆ దారి గురించి రాయడానికేమీ లేదు. చివరి అయిదు కిలోమీటర్లలో సారు రెండుసార్లు ఆగారు. ఆయన అలిసిపోయింది ఈ నాలుగు రోజుల్లో అక్కడ ఒక్కచోటే. మా కోడలు మూట తను మోస్తానంటే వినలేదు. ఇవాళ 73 కిలోమీటర్లు తొక్కాం. రెండున్నరకు అక్క వాకిట్లో ఉన్నాం.

తంగేడు సగం వాడింది. గునుగు మాత్రం చేనులో ఉన్నట్టే ఉంది, తెల్లటి కంకులకు గులాబీ రంగు కొసలు నిగనిగలాడుతున్నాయి. అక్క ఒక కంకి తీసి చెంపకు ఆనించుకుని చూసింది. "బజార్ల కట్ట యాభై రూపాయలు చెప్పిన్రు, ఇంత నిండుగ లేదు. ఏడిదిరా?" అంది. "రామప్ప కట్ట కిందిది" అంది కూతురు, నేను నోరు తెరిచేలోపే. ఇద్దరూ తాంబాళంలో గుమ్మడాకులు పరిచి కూర్చున్నారు. ఒక వరస తంగేడు, ఒక వరస గునుగు.

చీకటి పడేవేళ పద్మాక్షి గుట్ట కింద గుండానికి బతుకమ్మను తీసుకుపోయాం. వీధంతా ఆడవాళ్లు, నెత్తుల మీద బతుకమ్మలు. సారు కూడా వచ్చారు, సైకిల్ నడిపించుకుంటూ నా పక్కనే. కొబ్బరి తాడు ఇంకా క్యారియర్‌కు వేలాడుతోంది, దాని ముడిలో రెండు పసుపు రేకులు అంటుకుని ఉన్నాయి. నడుస్తుంటే తొడల్లో బరువు తగ్గింది. నేను సారు వైపు చూశాను. ఆయన అప్పటికే బ్రేకు మీద చెయ్యి వేసి ఉన్నారు.